ఎక్కిన మెట్లే దిగవలసిన మెట్లు



శాస్త్రవాక్యం చెవిని సోకడం వేరు, అది అనుభవంలోనికి దిగడం వేరు. బ్రహ్మసూత్రభాష్య పాఠం వింటున్న రోజులలో సృష్టిక్రమం, లయక్రమం గురించి గురువుగారు చెప్పినదంతా శ్రద్ధగా వ్రాసుకున్నాను. అర్థమైనదని కూడా అనుకున్నాను. కాని అది నాకు సగం అర్థమైనది గద్వాలలోని ఒక కార్యాలయపు సర్వర్ గదిలో, నేను చేసిన ఒక అపరాధం వలన. మిగిలిన సగం అర్థమైనది అయిజలో, మా తండ్రిగారి మంచం ప్రక్కన. ఆ రెంటినీ ఈ వ్యాసంలో నివేదిస్తున్నాను.

నాయన నేర్పిన పాఠం

మాది జోగులాంబ గద్వాల జిల్లాలోని అయిజ. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ సీమను నడిగడ్డ అంటారు. ఊరిలో తిక్క వీరేశ్వరస్వామి, తూర్పు దిక్కున అలంపురంలో జోగులాంబా బాలబ్రహ్మేశ్వరులు మాకు కొలువైన దైవాలు. మా తండ్రిగారిని మేము నాయన అని పిలిచేవారము. ఆయన విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. శాస్త్రాధ్యయనం చేసినవారు కారు. పండుగనాడు కొబ్బరికాయ కొట్టడం, ప్రతిరోజూ స్తంభం ఎక్కేముందు ఒకసారి చేతులు జోడించడం, ఇంతే ఆయన ఉపాసన.

కాని ఒక నియమంలో ఆయన నిష్ఠ అగ్నిహోత్రి నిష్ఠకు తీసిపోయేది కాదు. స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోవాలి. అనగా ఫలానా ఫీడర్‌లో విద్యుత్తు నిలిపివేశాము, నీవు పని చేసుకోవచ్చును అన్న అనుమతి. అది తీసుకున్నవారి పేరు, వేళ పుస్తకంలో వ్రాస్తారు. ఎవరు తీసుకున్నారో వారే దానిని తిరిగి అప్పగించాలి. అంతవరకు ఆ ఫీడర్‌ను ఎవరూ ముట్టరాదు.

నిలిపివేయడంలోనూ ఒక వరుస ఉన్నది. ముందు బ్రేకర్ తెరవాలి, ఆ తరువాతనే ఏబీ స్విచ్. ప్రవాహం ఉండగా ఏబీ స్విచ్ లాగితే నిప్పు లేచి మనిషినే కాల్చగలదు. తరువాత తీగలో విద్యుత్తు లేదని పరీక్షించి, చివరకు ఎర్తింగ్ తగిలించాలి. పని ముగిసిన తరువాత దీనికి సరిగా ఎదురు వరుస. చివర తగిలించిన ఎర్తింగ్ మొట్టమొదట తీయాలి, పిదప ఏబీ స్విచ్ మూయాలి, అన్నింటికన్నా చివర బ్రేకర్. ముందు తెరిచినది చివర మూయబడుతుంది, చివర చేసినది ముందు విప్పబడుతుంది.

బాల్యంలో ఒకనాడు నేను వేపచెట్టెక్కి, క్రిందికి దూకబోతుండగా ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది.

"ఎట్లెక్కినవో అట్లే దిగాల, కొడుకా. మధ్యల దుంకితే కాలిరుగుతది."

చాలాకాలం అది చెట్టు గురించిన మాట అనుకున్నాను.

వైశాఖమాసపు సాయంకాలం

నేను చదువు ముగించి గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీలో సర్వర్ల బాధ్యుడిగా చేరాను. నడిగడ్డలో విత్తనపత్తి సాగు గురించి తెలియనివారికి ఒక మాట. ఇక్కడి రైతులు, కూలీలు సాయంకాలం మొగ్గలలోని పుప్పొడిభాగాన్ని చేతితో తొలగించి, మరునాటి ఉదయం వేరొక మొక్క పుప్పొడిని పువ్వు పువ్వుకు అంటిస్తారు. ఇలా నెలల తరబడి శ్రమిస్తే గాని సంకరవిత్తనం చేతికి రాదు. వచ్చిన విత్తనాన్ని కంపెనీ మళ్లీ నాటి, జాతిశుద్ధి ఉన్నదా లేదా అని పరీక్షిస్తుంది. దానిని జీఓటీ అంటారు. ఆ ఫలితం వస్తే గాని రైతుకు పూర్తి డబ్బు ముట్టదు. ఏ రైతు సంచికి ఏ లాట్ నంబరు, దాని ఫలితమేమి, ఎంత ఇవ్వాలి అన్న లెక్కలన్నీ నా అధీనంలోని సర్వర్లలోనే ఉండేవి.

ఒక వైశాఖమాసపు సాయంకాలం గాలివాన వచ్చింది. విద్యుత్తు పోయింది. జనరేటర్ మొరాయించింది. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. బ్యాటరీలో మిగిలినది కొద్ది నిమిషాలే. భయంతో నా బుద్ధి పనిచేయలేదు. అన్నీ ఆపివేస్తే అన్నీ భద్రంగా ఉంటాయన్న తొందరలో, చేతికి అందిన మీటనల్లా నొక్కుతూ పోయాను. చేతికి ముందు అందినది అరలో అడుగున ఉన్న స్టోరేజ్ పెట్టె. అనగా పైనున్న సర్వర్లు ఇంకా వ్రాస్తూ ఉండగానే, వారు వ్రాసే పుస్తకాన్ని నేను లాగివేశాను.

మామూలుగా డేటాబేస్ ఇటువంటి దెబ్బను తట్టుకోగలదు. ఏ మార్పునైనా అసలు పట్టికలో చేసే ముందు అది ఒక చిట్టాలో వ్రాసుకుంటుంది. హఠాత్తుగా పడిపోయి లేచినప్పుడు ఆ చిట్టాను చదువుకొని, పూర్తయిన పనులను నిలుపుకొంటుంది, సగంలో ఆగిన పనులను రద్దు చేస్తుంది. ఐబీఎం సంస్థలో పరిశోధకులైన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రకటించిన ఏరీస్ అనే పద్ధతి ఈ విద్యలో ప్రసిద్ధమైనది. కాని నా విషయంలో ఆ రక్షణ కూడా ఫలించలేదు. స్టోరేజ్‌లో వ్రాతలను తాత్కాలికంగా పట్టి ఉంచే భాగానికి ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. అది చనిపోయిందని యంత్రం ఎన్నో వారాలుగా హెచ్చరిస్తూనే ఉన్నది. తరువాత చూద్దామని నేను దాటవేశాను. అందుచేత "వ్రాశాను" అని డేటాబేస్‌కు మాట ఇచ్చిన పెట్టె, వాస్తవానికి వ్రాయలేదు. చిట్టా కూడా చిరిగిపోయింది.

మరునాడు డేటాబేస్ తెరుచుకోలేదు. చేతిలో ఉన్న బ్యాకప్ మూడు రోజుల నాటిది. ఆ మూడు రోజులలో ఎక్కించిన పరీక్షాఫలితాలు లేవు. ఆ లాట్లన్నింటి ఎదుట "పరీక్ష జరుగలేదు" అని కనిపించసాగింది. చెల్లింపులు ఆగిపోయాయి.

వారం తిరుగకముందే అయిజ మండలంలోని ఒక పల్లెనుంచి ఒక వృద్ధరైతు వచ్చి కార్యాలయపు మెట్లమీద కూర్చున్నారు. చేతిలో లాట్ నంబరు వ్రాసిన చీటీ. అల్లుడికి ఇవ్వవలసిన బాకీ ఉన్నదట, ఖరీఫ్‌కు దుక్కి దున్నాలట. నేను బయటికి వెళ్లి, "తాతా, మా కంప్యూటర్‌లో మీ ఫలితం కనపడటం లేదు" అన్నాను. ఆయన కోపగించలేదు. నా ముఖంలోకి చూసి అడిగారు.

"మీ డబ్బాల లేకపోతే నా చేన్ల పండనట్టా, సారూ?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. అదృష్టవశాత్తు ప్రయోగశాలలోని ఒక సోదరి ఫలితాలన్నీ చేతితో ఒక రిజిస్టరులో కూడా వ్రాసి ఉంచేవారు. మూడు రాత్రులు కూర్చుని వాటిని తిరిగి ఎక్కించాను. ఆ తాతకు డబ్బు ముట్టింది, ఆలస్యంగా. ఆ ఆలస్యానికి ఆయన కట్టిన వడ్డీ ఎంతో నేను అడుగలేకపోయాను.

ఆదివారం ఇంటికి వెళ్లి నాయనకు అంతా చెప్పాను. ఆయన విని, "బ్రేకర్ ఉండంగ ఏబీ స్విచ్ గుంజినవ్" అన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

సోపానదృష్టాంతం

ఆ రాత్రి భాష్యపాఠపు నోటుపుస్తకం తీశాను. తైత్తిరీయంలో ఆత్మనుంచి ఆకాశం, ఆకాశంనుంచి వాయువు, వాయువునుంచి అగ్ని, అగ్నినుంచి జలం, జలంనుంచి పృథివి పుట్టిన క్రమం చెప్పబడింది. మరి లయం ఏ వరుసలో జరుగుతుంది? పుట్టిన వరుసలోనేనా, ఎదురు వరుసలోనా, అసలు వరుస లేకుండానా? బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయం, తృతీయపాదంలోని పదునాలుగవ సూత్రం దీనిని విచారించి, లయం సృష్టికి విపరీతక్రమంలోనే జరుగుతుందని నిర్ణయించింది. పృథివి జలంలో, జలం అగ్నిలో, అగ్ని వాయువులో, వాయువు ఆకాశంలో లీనమవుతాయి. ఇక్కడ శంకరభగవత్పాదులు చూపిన లౌకిక దృష్టాంతం ఏమిటనుకున్నారు? మెట్లెక్కినవాడు ఏ వరుసలో ఎక్కాడో దానికి ఎదురు వరుసలో దిగుతాడు అన్నదే.

ఆ పంక్తి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. పాఠశాల దాటి ఎక్కువ చదువుకోని మా నాయన, వేపచెట్టు క్రింద నిలబడి నాతో చెప్పినది భాష్యకారుల దృష్టాంతమే.

దీనికి యుక్తి కూడా స్పష్టమే. కార్యం కారణాన్ని ఆశ్రయించి ఉంటుంది. కుండ ఉండగా మట్టిని ముందు తీసివేయడం సాధ్యం కాదు. కుండ మట్టిలో కలియవచ్చును గాని, మట్టి ముందు పోయి కుండ మిగలడం కుదరదు. కనుక ఆశ్రయించినది ముందు ఉపసంహరింపబడాలి, ఆశ్రయమైనది తరువాత. నేను ఆ సాయంకాలం మట్టిని ముందు లాగివేశాను.

మరునాడే ఒక కాగితంమీద క్రమం వ్రాశాను. ముందు వాడుకరులకు తెలియజేయాలి. బ్యాకప్ సరిగా ఉన్నదని కళ్లతో చూసుకోవాలి. తరువాత వారు వాడే అప్లికేషన్‌లను ఆపాలి. పిదప డేటాబేస్‌ను ఆపాలి. అది తన జ్ఞాపకంలో ఉన్నదంతా డిస్కుమీద దింపి, "ముగిసింది" అని చెప్పేవరకు వేచి ఉండాలి. తరువాత సర్వర్లు, తరువాత స్టోరేజ్, తరువాత నెట్‌వర్క్ స్విచ్‌లు, అన్నింటికన్నా చివర యూపీఎస్. తిరిగి ప్రారంభించేటప్పుడు యూపీఎస్, నెట్‌వర్క్, స్టోరేజ్, సర్వర్లు, డేటాబేస్, అప్లికేషన్‌లు, చివరకు వాడుకరులు. ప్రతి మెట్టువద్ద ఆగి, అది నిలబడిందని చూసుకొని గాని తరువాతి మెట్టు ముట్టరాదు. ఎవరు ఆపారో, ఏ వేళకు ఆపారో సంతకం చేయాలి. ఆపినవారే తిరిగి ప్రారంభించాలి, లేదా వ్రాతపూర్వకంగా మరొకరికి అప్పగించాలి. ఈ చివరి నియమం నాయన ఎల్‌సీ పుస్తకంనుంచి తీసుకున్నది. కాగితం అడుగున ఆయన మాట కూడా వ్రాసి, సర్వర్ గది తలుపు లోపలివైపు అతికించాను.

పునఃప్రారంభంలో నిదానం ఎంత అవసరమో నాయనే మరొక ఉదాహరణతో చెప్పారు. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తరభారతంలో విద్యుత్ గ్రిడ్ కుప్పకూలింది. రెండవనాడు సుమారు 60 కోట్లమంది నివసించే ప్రాంతం అంధకారంలో పడింది. అటువంటి స్థితిలో పెద్ద బొగ్గు కేంద్రం తనంతట తాను లేవలేదు, దాని యంత్రాలు తిరగడానికే బయటి విద్యుత్తు కావాలి. జలవిద్యుత్ కేంద్రం వంటి చిన్నది ముందు లేచి, దానికి చేయూతనిస్తుంది. భారం కూడా కొంచెం కొంచెంగానే తగిలించాలి. అలాగే 2013 డిసెంబరు 31న మా పొరుగున ఉన్న రాయచూరునుంచి షోలాపూరుకు వేసిన 765 కేవీ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో కలిసినప్పుడు ఆయన ఎంతో సంతోషించారు. రెండు వ్యవస్థల లయ ఒకటైతే గాని వాటిని కలుపరాదని, తొందరపడి కలిపితే రెండూ కూలుతాయని వివరించారు. ఉదయం కన్ను తెరిచిన వెంటనే ప్రపంచభారాన్నంతటినీ నెత్తికెత్తుకునే మనకు ఇది కూడా ఉపదేశమే.

నిద్రించినవాడే మేల్కొంటాడా?

మన ఆలయవ్యవస్థలో ఈ తత్త్వం ఎంత చక్కగా ఇమిడి ఉన్నదో అప్పుడు గమనించాను. ఏకాంతసేవ లేకుండా తలుపు మూయరు, సుప్రభాతం లేకుండా తెరువరు. జీర్ణోద్ధరణ చేయవలసివస్తే ముందు కలాకర్షణం చేసి మూర్తిలోని దివ్యకళను కుంభంలోనికి ఆవాహన చేస్తారు. బాలాలయంలో నిత్యపూజ ఆగకుండా సాగుతుంది. పని ముగిసిన తరువాత మరల మూలమూర్తిలో ప్రతిష్ఠించి కుంభాభిషేకం చేస్తారు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. శిఖరంనుంచి విప్పితే గాని, పునాదినుంచి పేర్చితే గాని అటువంటి పని జరుగదు. అలంపురం వెళ్లినప్పుడల్లా ఆ ఆలయం ఎదుట నిలబడి ఈ విషయమే తలచుకుంటాను.

ఇక నిత్యం జరిగే లయం సుషుప్తి. ప్రశ్నోపనిషత్తులో నాల్గవ ప్రశ్నకు సమాధానంగా పిప్పలాద మహర్షి, అస్తమించే సూర్యుని కిరణాలన్నీ మండలంలో ఏకమైనట్లు ఇంద్రియాలన్నీ మనస్సులో ఏకమవుతాయని, ప్రాణాగ్నులు మాత్రం ఈ పురంలో మేలుకొని ఉంటాయని బోధించారు. మరి మేల్కొన్నవాడు నిద్రించినవాడేనని ఏమి ప్రమాణం? బ్రహ్మసూత్రాల తృతీయాధ్యాయం, ద్వితీయపాదం ఈ శంకను ఎత్తి, అతడే అని నిర్ణయించింది. చూపిన హేతువులలో కర్మ, స్మృతి ముఖ్యమైనవి. నిన్న సగంలో విడిచిన పనిని నేడు అతడే కొనసాగిస్తాడు, నిన్న చూసినదానిని నేడు అతడే జ్ఞప్తికి తెచ్చుకుంటాడు. సముద్రంలో కలిసిన నీటిబిందువును తిరిగి గుర్తించలేము కదా అంటే, అక్కడ వేరుచేసే హేతువు లేదు, ఇక్కడ కర్మ, అవిద్య ఉన్నాయని భాష్యకారుల సమాధానం. డేటాబేస్ చిట్టా గురించి తెలిసినవారికి ఈ వాదం కొత్తగా తోచదు. పని ఎక్కడ ఆగిందో తెలిపే లెక్క నిలిచి ఉంటేనే లేచినది పూర్వపు వ్యవస్థ అనిపించుకుంటుంది.

ఐతే ఒక హెచ్చరిక. దృష్టాంతం ఏకదేశంలోనే వర్తిస్తుంది. సర్వర్ జడం. దానిని ఆపేవాడు, ప్రారంభించేవాడు వేరు. ఆత్మ ఆపబడే పెట్టెలలో ఒకటి కాదు, చివర ఆపబడే యూపీఎస్ కూడా కాదు. అన్నీ ఆగినప్పుడు, ఆగాయని ఏ వెలుగులో తెలుస్తున్నదో ఆ వెలుగు అది. దానికి ఉదయాస్తమయాలు లేవు. ఆ తాత అడిగిన ప్రశ్న కూడా నాకు ఇక్కడే తగిలింది. లెక్క చెరిగినంత మాత్రాన పంట పండకపోలేదు.

ఆ శనివారం

ఇది జరిగిన కొన్నేళ్లకు నాయన హృద్రోగంతో మంచం పట్టారు. తనకు తెలిసిపోయింది కాబోలు. ఒక్కొక్కటిగా సర్దుకోసాగారు. ఎవరికో ఇవ్వవలసిన కొద్ది డబ్బు పంపించారు. ఎన్నో ఏళ్లుగా మాటలు లేని తమ్ముడిని పిలిపించుకున్నారు. పాత పనిముట్ల సంచి ఊరిలోని ఒక యువ లైన్‌మన్‌కు ఇచ్చారు. ఆకలి తగ్గింది, దినపత్రికమీద ఆసక్తి పోయింది. వాడుకరులందరికీ తెలియజేసి అప్లికేషన్‌లు ఆపుతున్నారని నేను ఆనాడు గ్రహించలేదు.

ఆ శనివారం రాత్రి మా కార్యాలయంలో సర్వర్లను క్రొత్త గదికి మార్చవలసి ఉన్నది. నెలరోజుల ముందే నిర్ణయించిన పని. సాయంకాలం ఫోన్ మోగింది. నా సహాయకుడు, చిన్నవాడు, కంఠంలో భయం. "సార్, మీరు లేకుండా ఎట్లా?" అన్నాడు. నేను, "తలుపుమీద కాగితం ఉన్నది. ఒక్కొక్క మెట్టు చదివి, చేసి, సంతకం పెట్టు. మెట్టు దాటవద్దు" అన్నాను. ఫోన్ ప్రక్కన పెట్టి మంచం దగ్గర కూర్చున్నాను.

ఛాందోగ్యంలో ఉద్దాలకమహర్షి శ్వేతకేతువుకు ఒక దృశ్యాన్ని చూపిస్తారు. ప్రాణాపాయంలో ఉన్నవాని చుట్టూ బంధువులు చేరి, నన్ను గుర్తించావా, నన్ను గుర్తించావా అని అడుగుతారు. వాక్కు మనస్సులో, మనస్సు ప్రాణంలో, ప్రాణం తేజస్సులో, తేజస్సు పరదేవతలో లీనం కానంతవరకు అతడు గుర్తిస్తూనే ఉంటాడు. ఆ రాత్రి మా ఇంట్లో జరిగినది అక్షరాలా అదే. ముందు నాయనకు మాట పోయింది. అక్క వంగి, "నాయనా, నేనెవరు?" అని అడిగితే ఆమె చేతిని నొక్కారు. మాట లేదు గాని మనస్సు ఉన్నది. కొంతసేపటికి ఆ నొక్కడం కూడా ఆగింది. ఊపిరి మాత్రం సాగుతున్నది. తెల్లవారుజామున అదీ నిలిచింది. అమ్మ ఆయన ఎదమీద చేయి వేసి, "ఇంకా ఎచ్చగున్నది" అన్నది. ఆ వెచ్చదనం పోయేవరకు చేయి తీయలేదు.

లీనమయ్యేది వాక్కు స్వరూపం కాదు, దాని వృత్తి మాత్రమేనని భాష్యం చెబుతుంది. ఆ భేదం నాకు దుఃఖంలో చాలా ధైర్యమిచ్చింది. ఏదీ చిరగలేదు. ఏదీ మధ్యలో లాగివేయబడలేదు. ఆయన ఎక్కిన మెట్లే దిగారు.

సూర్యోదయం తరువాత ఫోన్ చూశాను. సహాయకుని సందేశం ఉన్నది: "సార్, అన్నీ లేచినయి. లెక్కలు సరిపోయినయి. సంతకం పెట్టిన." దానిని చదివి అప్పుడు ఏడ్చాను.

సాధకమిత్రులారా, అందరికీ అటువంటి నిదానమైన అంత్యం లభిస్తుందని చెప్పలేము. గాలివాన ఎప్పుడు వస్తుందో తెలియదు. కనుకనే ప్రతి రాత్రీ చిన్నగా అభ్యసించాలి. పడుకునే ముందు ఎవరికైనా ఇచ్చిన మాట మిగిలి ఉన్నదా చూసుకోవడం, కోపాన్ని మరునాటికి మోయకుండా దించడం, ఇంద్రియాలను మనస్సులో, మనస్సును జపంలో, జపాన్ని మౌనంలో విడవడం. ఉదయం మౌనంనుంచి జపానికి, జపంనుంచి కర్తవ్యానికి మెల్లగా ఎక్కిరావడం. చిన్న బ్యాటరీ చేసే హెచ్చరికను దాటవేయకపోవడం.

ఆ కాగితం ఇప్పుడు క్రొత్త గది తలుపుమీద ఉన్నది. అడుగున నాయన మాటకు ప్రక్కన నా సహాయకుడు తన అక్షరాలతో ఇలా చేర్చాడు: "తొందర ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి చదువుము."

శ్రీ జోగులాంబా బాలబ్రహ్మేశ్వరార్పణమస్తు. స్వస్తి.